నూనె వైపు

తాడేపల్లిగూడెం మెకానిక్ కొండలరావు గారు క్లాంపు అతిగా బిగించి హోసు చింపేశారని ఏలూరు చుట్టుపక్కల బళ్లున్నవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ మాట పుట్టింది మా కొట్లో. అది నిజం కాదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఆరేళ్లు ఊరుకున్నాను.

కరోనాకి ముందు ఏడాది వేసవి. ఏలూరు పవర్‌పేటలో నాది హోసులు, బెల్టులు, క్లాంపులు అమ్మే కొట్టు. బజార్లో దొరకని హోసుని నమూనా పంపి కోయంబత్తూరులో చేయించి తెప్పిస్తానని నాకు కాస్త పేరుండేది. ఆ పేరంటే నాకు మోజు కూడా ఉండేది.

ఆ వేసవిలో కొండలరావు గారు ఒక థర్మోకోల్ ముక్క పట్టుకుని కొట్టుకి వచ్చారు. మా వైపు చేపల లోడుకి వాడే పెట్టెల్లోంచి విరిగిన ముక్కలు ఆయన షెడ్డులో ఎప్పుడూ ఉంటాయి. కంపెనీ ఆపేసిన హోసు కావలసి వస్తే, ఆ ముక్కని హ్యాక్సా బ్లేడుతో చెక్కి, రెండు పైపుల మధ్య పెట్టి చూసి, మళ్లీ చెక్కి, వంపుతో సహా నమూనా తయారుచేసేవారు. ఈసారి దాని మీద మార్కరుతో ఒక బాణం గీసి "నూనె వైపు" అని రాశారు.

"పెట్రోలు చుక్క తగలనీయకండి. కరిగి ఊరుకుంటది. మళ్లీ చెక్కే ఓపిక లేదు నాకు," అన్నారు.

అది రాజరత్నం మాస్టారి పాత డీజిల్ కారుది. మాస్టారు రిటైరైన పీఈటీ. నిడమర్రు దగ్గర ఊరు. వారానికి మూడుసార్లు భార్యని, మేం అమ్మగారని పిలిచే ఆవిడని, డయాలసిస్‌కి ఏలూరు తెచ్చేవారు. కొల్లేటి లంకలోంచి ఇంకో ఇద్దరు పేషెంట్లు కూడా ఆ కార్లోనే వచ్చేవారు. ఆ కారు ఆగితే ముగ్గురి వైద్యం ఆగినట్టే.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. టర్బో ఉన్న ఇంజనులోకి గాలి ఒత్తిడితో వెళ్తుంది. ఇంజను ఊగుతుంది, బాడీ ఊగదు. అందుకని మధ్యలో పైపుల్ని కలిపే చోట మెత్తటి హోసు ముక్క వేస్తారు. దాన్నే కప్లర్ అంటాం. అది జారకుండా రెండు చివర్లా చుట్టి బిగించే ఇనప పట్టీ క్లాంపు. సిలికాన్ కప్లర్ ఎంత వేడినైనా తట్టుకుంటుంది గాని దానికి నూనె పడదు. ఇంజన్లోంచి వచ్చే నూనె ఆవిరి తగిలే చోట దాని లోపల ఫ్లోరో లైనింగ్ అనే వేరే పొర ఉండాలి. మేము తెప్పించే వాటిలో ఆ పొర ఎర్రగా ఉంటుంది. మామూలు కప్లరు లోపలా బయటా నీలమే.

కోయంబత్తూరు వాళ్లు ఫోనులో అడిగారు, లైనింగు కావాలా అని. కావాలంటే ఇంకో ఇరవై రోజులు పడుతుందన్నారు. నేను అప్పటికే మాస్టారికి పది రోజుల్లో తెప్పిస్తానని గొప్పగా చెప్పి ఉన్నాను. ఆయన రోజూ ఫోను చేస్తున్నారు. లైనింగు కావాలని చెప్పే ఆ బాణం, దాని పక్కన రాసిన రెండు మాటలు నా ఎదురుగానే బల్ల మీద ఉన్నాయి. మామూలుదే పంపమన్నాను.

సరుకు వచ్చాక కొండలరావు గారు కప్లర్ లోపలికి తొంగి చూశారు.

"లోపల ఎరుపు ఉండాలి కదండీ?"

"ఇప్పుడు అన్నీ ఒకే రంగులో చేస్తున్నారండి," అన్నాను.

ఆయన నా మాట నమ్మి బిగించారు.

నాలుగు నెలలకి, చేపల చెరువుల మధ్య రోడ్డు మీద, కప్లర్ ఫట్‌మని ఊడిపోయింది. నల్లటి పొగ వదిలి కారు ఆగిపోయింది. మాస్టారు ఒక ఖాళీ చేపల వ్యానుని ఆపి ముగ్గురు పేషెంట్లని భీమడోలు దాకా తెచ్చి, అక్కడినుంచి ఆటోలో ఏలూరు చేర్చారు. మధ్యాహ్నం దాటింది. అమ్మగారికి ఆయాసం వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. దేవుడి దయవల్ల కోలుకున్నారు.

ఆ మూడో రోజు మాస్టారూ, కొండలరావు గారూ మా కొట్టుకి వచ్చారు. కౌంటరు మీద ఆ కప్లర్. క్లాంపు పడిన చోట చుట్టూరా తెగి ఉంది.

"చూడవయ్యా! గొంతు నులిమినట్టు నులిమేశావు దాన్ని," అన్నారు మాస్టారు. ఆయన మామూలుగా మాట్లాడినా గ్రౌండు అవతలికి వినపడుతుంది. "ముప్పయ్యేళ్లు కబడ్డీ నేర్పినోణ్ణి. పట్టు ఎంతుండాలో నేను చెప్పాలా నీకు?"

"జారిపోతందండి మాస్టారూ. బిగించినకొద్దీ మెత్తబడతంది. ఎప్పుడూ ఇలా చూళ్లేదు." కొండలరావు గారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి. దీనికేమైందండి?"

కప్లర్ని వేళ్లతో నొక్కాను. నానిన రొట్టెలా ఉంది. వేళ్లకి నూనె అంటింది. ఏమైందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. వేళ్లు గుడ్డకి తుడుచుకుని, "క్లాంపు కాస్త ఎక్కువ పడ్డట్టుందండి," అన్నాను.

కొండలరావు గారు నన్నొకసారి చూసి తల దించుకున్నారు.

తర్వాత లైనింగు ఉన్న కప్లర్ గుట్టుగా తెప్పించి, "ఇది ఇంకా గట్టి క్వాలిటీ" అని మాస్టారికిచ్చాను. ఆయన దాన్ని ఏలూరులోనే వేరే మెకానిక్ చేత వేయించుకున్నారు. వట్లూరులో ఒక కాలేజీ బస్సుల పని అప్పట్లో కొండలరావు గారికి రాబోతోంది. ఆ కాలేజీలో బస్సులు చూసే ఆయన మాస్టారి శిష్యుడు. పని రాలేదు. ఆ పని నమ్ముకుని వేసిన కొత్త షెడ్డు ఆయన వేరేవాళ్లకి ఇచ్చేశారు. థర్మోకోల్ నమూనాలు మా కొట్టుకి రావడం మానేశాయి.

నిరుడు పెదవేగి నుంచి ఒక పామాయిల్ రైతు వచ్చారు. కారు కప్లర్ పగిలింది, కంపెనీలో దొరకడం లేదు. నమూనా ఎవరిచేతైనా తీయించాలన్నాను.

"గూడెంలో ఒకాయనున్నాడట గాని, ఆయన మాత్రం వద్దండి బాబూ. మా తోడల్లుడు చెప్పాడు. చేతిలో బలమెక్కువ, బుర్ర తక్కువట," అని నవ్వారు.

"మీ తోడల్లుడికి ఎవరు చెప్పారండీ?"

"ఏలూరులో ఎవరో హోసుల కొట్టాయనే అన్నాడటండి. ఆయనకి తెలీకుండా ఉంటుందా మరి?"

ఆ నాలుగు ముక్కలు అంత దూరం తిరిగి మళ్లీ నా కౌంటరు మీదికే వచ్చాయి. ఇంకోసారి ఊరుకోవడం నావల్ల కాలేదు.

"ఆ కొట్టు ఇదేనండి. అన్నది నేనే. ఆయన తప్పేం లేదు. నేను వెయ్యకూడని కప్లర్ తెప్పించాను."

ఆయన తన కప్లర్ని చటుక్కున కౌంటరు మీంచి తీసుకున్నారు. "మరైతే నాది మీ చేతికెలా ఇవ్వనండీ?"

సరైన ప్రశ్నే. "నమూనా ఆయన చేతే తీయించండి. ఏది తెప్పించాలో ఆయననే రాసిమ్మనండి. అక్షరం తప్పకుండా అదే తెప్పిస్తాను," అన్నాను. రైతు ఆయన అడ్రసు రాసిమ్మన్నారు.

ఆ ఆదివారం మాస్టారిని బతిమాలి గూడెంలో కొండలరావు గారి పాత షెడ్డుకి రప్పించాను. అమ్మగారు కూడా వచ్చారు. కొండలరావు గారు బయటికొచ్చి అమ్మగారిని కుశలం అడిగారు గాని నన్ను పలకరించలేదు. మాస్టారి కారు బానెట్ ఎత్తి, టర్బో దగ్గర కప్లర్ ఒకసారి ఊడదీయమని అడిగాను. ఆయన తీసి, లోపల వేలితో తుడిచి, వెలుతురులోకి తిప్పారు.

"ఎరుపు," అన్నారు మెల్లిగా.

తర్వాత జరిగినవి చెబుతాను. మాస్టారు అక్కడికక్కడే కాలేజీ శిష్యుడికి ఫోను చేశారు. ఇప్పుడు రెండు బస్సులు ఆ షెడ్డుకి వస్తున్నాయి, జూన్ నుంచి మరికొన్ని పంపుతామన్నారు. పెదవేగి రైతు నమూనా పట్టుకొచ్చారు, దాని మీద బాణం, ఆ రెండు మాటలూ ఉన్నాయి. నేనిప్పుడు ఏ ఆర్డరైనా మెకానిక్ రాసిచ్చినది చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే పంపుతున్నాను. ఆలస్యమైతే ఆలస్యమని చెబుతున్నాను. ఈ పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది అంతే. హోసు బయట నుంచి ఎలా ఉన్నా, లోపల ఏముందో తెప్పించినవాడికి తెలుసు. అది చెప్పాల్సింది కూడా వాడే.

నేనన్న చెడ్డ మాట ఊళ్లు తిరిగింది. ఆ ఆదివారం షెడ్డులో అన్న మాట ముగ్గురే విన్నారు. అందుకే దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కొండలరావు గారూ, ఆ రోజు మీరడిగిన ఎరుపు ఇదేనండి. మీరు రాసిచ్చింది చదివి కూడా నేను మామూలుది తెప్పించాను. అడిగితే అబద్ధం చెప్పాను. మీ క్లాంపు సరిగ్గానే ఉంది. అమ్మా, మీరు ఆసుపత్రిలో పడుకున్నది నా వల్ల. నన్ను క్షమించండి."