బట్టీ బాపు వాకిట్లో తెల్ల ఇటుకలు

మొన్న పొద్దున్నే బట్టీ బాపు పోయాడని కబురు వచ్చింది. జనగామలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. ఊరి బయట ఇటుక బట్టీ నడిపాడు కనుక చిన్నాపెద్దా అందరికీ ఆయన బట్టీ బాపే. మా ఇంటి గోడలు ఆయన ఇటుకలతో కట్టినవే.

దారిలో ఎవరి ఇటుకల కుప్ప కనబడినా ఆగి, రెండు తీసి ఒకదానికొకటి కొట్టి వినేవాడు. "కంగుమనాలె బిడ్డా. పలుకకపోతే అది సరిగ్గ కాలలేదన్నట్టు" అనేవాడు.

పోయినేడు మేం పైన రెండు గదులు వేయాలనుకున్నాం. కింది గోడలు పాతవి, ఎక్కువ బరువు మోయలేవని ఇంజనీరు చెప్పాడు. లోపలంతా గాలి బుడగలుండే తెల్ల సిమెంటు ఇటుకలు ఎంచుకున్నాం. తేలిక, పని తొందరగా అవుతుంది, ఎండాకాలం చల్లగా ఉంటుంది. ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. అయినా ఆ మాట బాపుతో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. లారీ వచ్చిన రోజు కుప్ప మీద పరదా కప్పించాను.

మరునాడు ఆయనే వచ్చి పరదా ఎత్తాడు. అలవాటుగా రెండు తీసి కొట్టాడు. మోగలేదు. ఒకదాన్ని తీసుకెళ్లి మా నీళ్ల తొట్టిలో వేశాడు. అది తేలింది. కాసేపు దాన్నే చూసి నవ్వాడు.

"నాది మునుగుతది, గిది తేలుతది. పైకి గిదే మంచిది బిడ్డా. గీ మాట నాకు చెప్పనీకి ఎందుకు సిగ్గుపడ్డవ్?"

ఆయన పరదా మడిచి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఈ ఏడు ఆయన బట్టీ అంటించలేదు. తెల్లవి కొనే మాలాంటి వాళ్లు పెరిగారు, ఎర్ర ఇటుక అడిగేవాళ్లు తగ్గారు. ఉన్న కుప్పను చివరి ఇటుకదాకా అమ్మేశాడు.

మొన్న ఆయనకు స్నానం చేయించడానికి వాకిట్లో పొయ్యి పెట్టాల్సి వచ్చింది. మూడు ఇటుకలు కావాలి. ఆ ఇంట్లో ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. మా ఇంట్లో మిగిలినవి తెల్లవే. అవి మోసుకెళ్తుంటే చేతులకు బరువు తెలియలేదు. అందుకు కూడా సిగ్గేసింది.

అరుగు మీద ఆయన భార్య కూర్చుని ఉంది. "అవ్వా, ఎర్రవి ఎక్కడన్న అడిగి తెస్త" అన్నాను.

"ఏదైతేంది బిడ్డా. నీళ్లు కాగాలె గద" అంది.

ఊరికి ఇటుక కాల్చి ఇచ్చిన మనిషికి ఆఖరి నీళ్లు నేను తెచ్చిన వాటి మీదే కాగాయి. వాటిని తిరిగి తెచ్చుకోలేకపోయాను. ఇంకా ఆ వాకిట్లోనే ఉన్నాయి, లోపలివైపు మసిబారి, వీధివైపు తెల్లగా.