మెయిన్ ఆపని అమావాస్య

ఆళ్లగడ్డ నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాల కాలేజీ ల్యాబులో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. "నాయన పోయినాడమ్మా," అన్నాడు. నిద్రలోనే పోయాడని, పక్కనే ఉన్న పెద్దమ్మకు కూడా తెలియలేదని బస్సు దిగాక విన్నాను. బతికినంత కాలం ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషని వచ్చినవాళ్ళంతా అంటున్నారు. నన్ను మాత్రం పెట్టాడు, బాగా పెట్టాడు. ఆ సంగతే మీకు చెబుతాను.

ఆయన మా నాన్నకు అన్న, నాకు పెదనాయన; ఫోన్ చేసిన అన్న ఆయన కొడుకు. ఆళ్లగడ్డలో ఇనుప సామాన్ల అంగడి. మేకులు, గొలుసులు, గడ్డపారలు, శిల్పాలు చెక్కేవాళ్ళకు ఉలులు. గల్లాపెట్టె పక్కన ఒక పాత కంప్యూటర్. అందులో బిల్లులు కొట్టే ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో రాసిచ్చింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పనిలేదు. పై వరసలో ఒక బటన్ నొక్కితే మేకులు, పక్కది నొక్కితే గొలుసులు. ఆ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవదు. అది నడిచే పాత విండోస్‌నేమో చేసిన కంపెనీయే వదిలేసి చాలా కాలమైంది.

ఒకసారి ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఎక్కి బిల్లులు ఆగిపోయాయి. అన్న విసుక్కున్నాడు. "కొత్తది కొందాం. నువ్వు ఇంట్లో కూచో నాయనా, ఇంకెన్నాళ్ళు ఈ చాకిరీ?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పెదనాయనకు మాత్రం తింటున్న కంచం ముందు నుంచి లేవమన్నట్టు తగిలింది. నాకు కబురు పంపాడు. "పాపా, కంప్యూటర్ల కాడే గదా నీ ఉద్యోగం. దీన్ని బాగుచెయ్."

వైరస్ తీసేశాను. అన్న ఒప్పుకోలేదు. "కంపెనీ వదిలేసేలోపు ఇచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్లన్నీ ఎక్కించు. ఎక్కితే ఉంచుదాం, ల్యాకుంటే పాత ఇనుముకే," అన్నాడు. మిషను పోతే పెదనాయన కుర్చీ కూడా పోయినట్టే.

ఆదివారాలు వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం బేరాలు తగ్గాకే మిషను నా చేతికొచ్చేది. అప్‌డేట్ పెడితే తెర మీద 'పని జరుగుతోంది, ఆపవద్దు' అని వచ్చేది. అంకె ఎంతకీ కదిలేది కాదు. సాయంత్రం దాన్ని అలాగే వదిలి నంద్యాల బస్సెక్కేదాన్ని. మళ్ళీ ఆదివారానికి చూస్తే కథ మొదటికి వచ్చేది, అప్‌డేట్ ఎక్కలేదని సందేశం. లోపల బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి మిషను తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. తేదీ తప్పయితే అప్‌డేట్లు రావు, అందుకే బ్యాటరీ మార్చి తేదీ సరిచేశాను. సగం దిగిన ఫైళ్ళు తుడిచేశాను. పెద్ద అప్‌డేట్ ఎక్కాలంటే ముందు ఒక చిన్నది ఎక్కాలని తెలుసుకుని అదీ ఎక్కించాను. అయినా అంతే. మిషన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే పెదనాయన ఉగ్గాని, బజ్జీ తెప్పించేవాడు. "తిను పాపా. నీ కోపం తగ్గితే దానికీ తగ్గుతాదేమో."

ఒక ఆదివారం బస్సు తప్పిపోయి, అంగడి కట్టే వేళ దాకా ఉండిపోయాను. ఆయన దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి, దండం పెట్టుకుని, చెయ్యి చాపి కరెంటు మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు. పని చేస్తున్న కంప్యూటర్ టప్పున ఆరిపోయింది.

"పెదనాయనా! ఏం చేస్తాండావ్?"

"అంగడి కట్టేస్తాండా."

"ఆపొద్దని తెర మీద రాసింది గదా!"

ఆయన తెర వైపు తిరిగాడు. "మా నాయన అంగడి కరెంటుతోనే కాలిపాయ పాపా. మెయిన్ ఆపకుండా తాళమేస్తే నాకు ముద్ద దిగదు," అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్ని వారాలు ఇంటర్నెట్ అంతా గాలించాను. ఊదుబత్తి తర్వాత మెయిన్ ఆపుతారేమో చూడమని ఏ మహానుభావుడూ రాయలేదు.

దారి ఆయనే చెప్పాడు. అమావాస్య నాడు మావాళ్ళు అంగడి తీయరు. "ఆ పొద్దు బేరముండదు. నేను దాని కాడ కూచుంటా, నువ్వు కానీ," అన్నాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. షట్టరు సగం దించి, పొద్దున్నే అప్‌డేట్ పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. అన్నం తిని వచ్చేసరికి, కళ్ళంలో ధాన్యం రాశికి కాపలా ఉన్నట్టు, తెర ముందు అలాగే నిటారుగా కూర్చుని ఉన్నాడు. అప్‌డేట్ ఎప్పుడో అయిపోయింది. తెర నిండా పెద్ద అక్షరాలతో పాస్‌వర్డ్ అడుగుతోంది.

"ఏమంటాంది పాపా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. "నీకు కనపడ్డం ల్యాదా పెదనాయనా?"

"సుగరు. వెలుతురు తెలుస్తాది, రాత తెలీదు. డాక్టరు సూసినాడు, ఇంక రాదన్నాడు."

"మరి బిల్లులు?"

"బటన్లు యాడుండాయో వేళ్ళకు తెలుసు. మనుషులు గొంతుతో తెలుస్తారు. కొత్తదొస్తే నా వేళ్ళు కూడా గుడ్డివైతాయి." షట్టరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు: "మీ అన్నకు చెప్పొద్దు. తెలిస్తే ఈడ కూచోనీడు."

చదవలేని తెర ముందు పూటంతా కాపలా ఉన్న మనిషి మాట ఎలా కాదంటాను? చెప్పనని చేతిలో చెయ్యి వేశాను. మళ్ళీ వైరస్ ఎక్కకుండా నెట్ వైరు పీకేసి, నెట్ కావాల్సిన పన్నుల పని అన్న ల్యాప్‌టాప్‌లోకి మార్చాను. అన్న సరే అన్నాడు. కుర్చీ నిలిచింది.

"ఇంక అప్‌డేట్లు రావా?" అని అడిగాడు పెదనాయన.

"రావు. కంపెనీ వదిలేసింది."

"వదిలేస్తే వదిలేయనీ. మనముండాం గదా."

ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ వెళ్ళాను. దుమ్ము ఊదడం, లెక్కలు కాపీ చేసుకోవడం తప్ప అక్కడ నాకు పనేమీ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆ మిషను లేకపోతే నేను ఆయన్ని పెళ్ళిళ్ళలో, చావుల్లో మాత్రమే చూసేదాన్ని. అందుకు ఆ పాత డొక్కుకు రుణపడి ఉన్నాను.

కర్మకాండ అయ్యాక అంగడి తెరిచారు. అన్న గల్లా దగ్గర కూర్చున్నాడు. శిల్పాలు చెక్కే ఆయన ఒకరు ఉలుల కోసం వచ్చి నిలబడ్డాడు. "ఈ పాతదాన్ని ఇంక తీసేయల్లమ్మా," అన్నాడు అన్న నాతో. ఇక దాచి ఎవరి కోసం? ఆయనకు చూపు లేదన్న సంగతి చెప్పేశాను.

అన్న నమ్మలేదు. "దినామూ నా ఎదురుగానే కదమ్మా బిల్లు కొడ్తాండ్య," అన్నాడు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళు మూసుకుని, పై వరసలో తడుముతూ ఒక బటన్ నొక్కాడు.

"గొలుసులొచ్చినాయి," అన్నాను.

ఇంకొకటి నొక్కాడు. గడ్డపారలు వచ్చాయి. ఉలుల కోసం వచ్చినాయన తొందరపెట్టలేదు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నా అన్న కళ్ళు తెరవలేదు. అతని వేళ్ళు ఉలుల బటన్ కోసం మళ్ళీ మొదటి బటన్ నుంచి వెతకసాగాయి.