సలోమి ఆంటీ తీసెయ్యని కొలతలు

పరాయి దేశంలో మేముండే సన్నీబ్యాంక్ పేటలో మా పక్కింటి సలోమి ఆంటీది తెనాలి. ఇరవై ఏళ్లుగా మందుల ల్యాబ్‌లో టెక్నీషియన్. సబ్బు జాతికి చెందిన ఒక లవణం పేగు పొరను కాసేపు తెరిచి, మాత్రలోని ఇన్సులిన్‌ను రక్తంలోకి పంపగలదా అన్నది ఆవిడ పరీక్ష. పంపగలిగితే షుగర్ ఉన్న మా ఆరేళ్ల అమ్మాయి అమూల్యకు రోజూ వేసే ఇన్సులిన్ సూదుల్లో కొన్నైనా తప్పుతాయి.

శుక్రవారం ఫలితం అడిగాను.

"ఇన్సులిన్ దాటిందమ్మా. కానీ పొర మర్నాటికీ మూసుకోలేదు. అలా తెరిచే ఉంటే పేగులోని క్రిములూ రక్తంలోకి పోతాయి. ఆ కొలతలు తీసేసి రిపోర్టు మీద సైన్ చెయ్యమన్నాడు మా బాస్. చెయ్యనన్నాను."

"జాబ్ పోతే, ఆంటీ?"

"పోనీ. కన్నాలు పెట్టడం గిన్నెలు తోమే సబ్బుక్కూడా వచ్చు. అవి పూడలేదని రాయకుండా నా పేరు పెట్టను. రేపు ఆ మాత్ర మింగేది నీ కూతురేగా."

ఆ మాత్ర కోసం అందరికన్నా తొందరపడింది నేనే. అయినా సోమవారం ఆ కొలతలతోనే రిపోర్టు పంపానని ఆవిడ చెప్పాక, నమ్మదగిన మాత్ర వచ్చేదాకా సూదులే నయమనుకుని అమూల్యకు ఆ పూట సూది వేశాను.