నా నవ్వని ముఖం

ఎనభైలలో అమలాపురంలో కాలవల ఆఫీసు గుమస్తాని. టీవీలో వారం వారం వచ్చే ఒక హాస్య నాటికలో ఆఫీసరు ఎంత వింత మాటైనా నవ్వకుండా చెప్పేవాడు. అతన్ని నేను అనుకరిస్తే ఆఫీసంతా విరగబడి నవ్వేది.

వరదల్లో ఒకరోజు గోదారి మధ్య లంక ఊరి నుంచి ఒక పెద్దాయన తడిసి వచ్చాడు.

“గట్టు కారతందండి బాబూ! మనుషుల్ని పంపండి.”

నేను ముఖం బిగించాను. “గోదారి నీళ్లా, సముద్రం నీళ్లా? సముద్రానివైతే మా శాఖ కాదండి. దరఖాస్తులో రాయండి.”

తోటివాళ్లు ఫైళ్ల చాటున నవ్వుకున్నారు.

“ఆయ్, గోదారివేనండి. రాయించుకొచ్చేత్తానండి” అంటూ ఆయన పరుగెత్తాడు. వెనక్కి పిలుద్దామనుకునేలోగా కనుమరుగయ్యాడు. ఆయన దరఖాస్తుతో వచ్చేసరికే గట్టు తెగింది. ఇంట్లో ఉన్న ఆయన భార్య కొట్టుకుపోయింది.

కబురు ఆలస్యంగా తెచ్చాడని పైవాళ్లకు నేనే చెప్పాను. ఊరంతా ఆయన్నే నిందించింది. ఆయన వేళకే వచ్చాడండి. నా ముఖం చూసి నిజమని నమ్మాడు.