సగం ప్రదక్షిణ

బాబు కాలితో తోసిన గులకరాయి దారి అంచు దాటి పోయింది. అది ఎక్కడా తగిలిన చప్పుడు వినపడలేదు. అంతవరకూ ముళ్ళపొదల చాటున పక్కన ఏముందో తెలియలేదు. వంగి చూస్తే చాలా లోతున నల్లటి రాళ్ళు, వాటి మీద విరుగుతున్న అలలు. ఆబిడ్స్‌లో రోడ్డు దాటేటప్పుడు పిల్లల మణికట్లు ఎర్రబడేలా పట్టుకునే మనిషిని నేను. ఇక్కడ బండ్లు లేవని వదిలేశాను.

అది మా అత్తగారు పుట్టిన ఊరు. సముద్రం ఒడ్డున చిన్న కొండ, పైన గుడి, కొండ నడుమున చుట్టూ కాలిబాట. అరగంటలో తిరిగి రావచ్చు. బాబుకు ఏడాది వయసులో జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. దవాఖాన వరండాలో కూర్చుని అత్తగారు మొక్కుకున్నారు, వాడు గట్టిగా నడిచే వయసు వచ్చాక ఆ కొండకు ప్రదక్షిణ చేయిస్తానని. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, పాపకు ఎనిమిది. మా ఆయన కింద ఆటో దగ్గర సామానుకు కాపలా ఉన్నారు. సాయంత్రం రైలు.

మలుపు తిరిగేసరికి దారి కోసుకుపోయి ఉంది. వానలకు మట్టి జారినట్టుంది. కొండను ఆనుకుని రెండడుగుల వెడల్పు మిగిలింది. అదీ బురద.

"అత్తయ్యా, వాపస్ పోదాం. గీ దారి మంచిగ లేదు."

"ప్రదక్షిణ సగంలో వెనక్కి తిరుగుతారటే? మొక్కు వాడి పేరున ఉంది. రేపు వాడికేదైనా అయితే నన్ననకు."

నేను ఎమ్మెస్సీ చదివాను. ఫిట్స్ జ్వరం వల్ల వచ్చాయని, మందుల వల్ల తగ్గాయని నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నాక కాలు వెనక్కి పడలేదు. వెనక్కి తిరిగితే ఇక వాడికి ఒళ్ళు వెచ్చబడిన ప్రతిసారీ గన్‌ఫౌండ్రీలోని మా రెండు గదుల్లో అందరం ఈ మలుపునే తలుచుకుంటాం. ఆవిడ పైకి అనకపోయినా నేను అనుకుంటాను.

బాబును చంకనేసుకుని, వీపు కొండకు ఆనించి, అంగుళం అంగుళంగా దాటాను. అవతల నిలబడి పాపను పిలిచాను.

"రాను మమ్మీ. నాకు భయమైతుంది."

"జల్ది రా! నానమ్మ ఎనక ఉంది గదా, ఏం గాదు."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. అయినా కసిరాను. ఇంత పిరికిదానివేంది అన్నాను. పాప ఒక అడుగు వేసింది. కాలి కింద మట్టిపెళ్ళ ఊడి జారిపోయింది. వెనక్కి గెంతి, నానమ్మ చీర పట్టుకుని కూలబడింది.

ముందుకు చూశాను. నాలుగడుగుల తర్వాత దారే లేదు. బాబును దించడానికి చోటు లేదు. చెయ్యి తిమ్మిరెక్కుతోంది.

పైనుంచి మేకలు దిగాయి. వాటి వెనక కర్రతో ఒకావిడ.

"ఓలమ్మా, పిల్లడ్నెత్తుకుని అక్కడేటి సేస్తన్నావు? ఆ దారి కొట్టుకుపోనాది!"

"మొక్కమ్మా! సగంలో ఎలా తిరుగుతాం?" అన్నారు అత్తగారు.

"దేవుడు టేపెట్టి కొలుస్తాడేటి? మేమంతా ఇక్కడికొచ్చి దణ్ణమెట్టి ఎనక్కే ఎల్తన్నాం. రా తల్లీ, కర్ర అట్టుకో."

ఆవిడ పాప పక్కన నిలబడి కర్ర నావైపు చాచింది. బాబు మొహం నా భుజానికి అదుముకుని వెనక్కి వచ్చాను. అత్తగారు వాడి కాళ్ళకంటిన బురద కొంగుతో తుడిచారు. కింద మా ఆయన "అయిందా అమ్మా?" అని అడిగితే "ఆఁ, అయింది" అన్నారు.

రైల్లో పాప మాటిమాటికీ లేచి తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పొద్దున నాంపల్లిలో దిగి ఇంటికొచ్చాం. అత్తగారు స్నానానికి వెళ్ళగానే ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టుకున్నాను.

"మనం ఫుల్ రౌండ్ కొట్టలేదు గదా మమ్మీ. నేను రాలేదని తమ్మునికి జ్వరమొస్తదా?" అంది పాప.

"వస్తే మందేద్దాం. పిల్లలన్నంక జ్వరాలొస్తయ్. కొండ వల్ల రావు, నీ వల్ల అసలే రావు. నిన్న నువ్వు రానన్నవ్ చూడు, అదే కరెక్ట్. నిన్ను పిలుచుడు నాదే తప్పు. ఇంకోసారి ఏడనన్న భయమైతే ఇద్దరూ ఆగిపోన్రి. నేను పిలిచినా రావద్దు."