అరువు పిల్లలకు కుట్టిన యూనిఫాం

మా తెలుగు బడి మూతపడటానికి సగం కారణం ప్రభుత్వమైతే మిగతా సగం నా కుట్టుమిషను. ఈ మాట బయట అంటే మావాళ్లు నా మీద పడి కరుస్తారు. కరవనీండి. ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నది చాలు.

మాది కలకత్తాలో మెటియాబ్రుజ్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. ఆ తాతలే తలా ఒక చెయ్యి వేసి రేకుల షెడ్డులో బడి పెట్టించారు. తర్వాత గుర్తింపు వచ్చింది, మాష్టారు వచ్చారు, ఎనిమిదో తరగతి దాకా పెరిగింది. నేనూ అక్కడే చదువుకున్నాను. ఇప్పుడు ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుడుతుంటాను. ఏ బడిలో ఏ తరగతివాళ్లు ఏం తొడుక్కుంటారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

కొన్నేళ్ల కిందట కబురొచ్చింది. పిల్లలు లేని బళ్లను మూసేసి దగ్గర్లో ఉన్న బళ్లలో కలిపేస్తారట, మా బడి పేరు కూడా ఆ జాబితాలో ఉందట, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి రాసేదాన్ని బట్టి తేలుస్తారట. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలోనే మీటింగు పెట్టారు. చర్చికి వచ్చేవాళ్లూ రానివాళ్లూ అందరూ వచ్చారు. అబ్బో, ఆ రోజు మావాళ్ల ఆవేశం చూసి తీరాలి! "మన బాసే సచ్చిపోతే మనం బతికేటి లాభం?" అని ఓడరేవులో క్రేను నడిపిన పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన మనవలేమో రోజూ పొద్దున్నే ఇంగ్లీషు బడి బస్సు ఎక్కుతారు. అక్కడ కూర్చున్నవాళ్లందరిదీ అదే వరస. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. నన్నేమీ వదిలిపెట్టనక్కర్లేదు. నా కూతురిదీ ఇంగ్లీషు బడే. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరం ముక్క రాదు. నేర్పడానికి తీరిక లేదనేదాన్ని. సీరియల్ చూడటానికి మాత్రం తీరిక ఉండేది.

కానీ పని చేశాం, అబద్ధమెందుకు? మగవాళ్లు ఎక్కి కారుతున్న రేకులు మార్చారు. మురుగు కాలవ తోడారు. ఆడవాళ్లం గోడల మీద నాచు గీకి సున్నం కొట్టాం. సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే తెలంగాణ అబ్బాయి ఒకడు పెట్టెడు కథల పుస్తకాలు తెచ్చిచ్చాడు. ఇచ్చి, అందరి ముందూ అడిగేశాడు. "ఇంత కష్టమెందుకక్కా? మీ పిల్లల్నే ఈడ చేర్పిస్తే అయిపోతది గదా?" నేను బ్రష్షు సున్నంలో ముంచుకుని గోడ వైపు తిరిగాను.

ఆ బడికి నిజంగా వచ్చే పిల్లలు పదకొండు మంది. వాళ్లలో ఒక అమ్మాయి మా పక్క గదిలోనే ఉండేది. పదకొండేళ్లు, ఐదో తరగతి. తల్లి చచ్చిపోతే అంతకు రెండేళ్ల ముందు పలాస నుంచి నాయనమ్మ దగ్గరికి తెచ్చారు. తండ్రి ఓడల్లో సరుకు దింపే కూలి. ఆ పిల్లకు బెంగాలీ రాదు, హిందీ అంతంతమాత్రం, తెలుగు మాత్రం గడగడా చదివేది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని నాయనమ్మకు బైబిలు చదువుతుంటే నేను మిషను ఆపి వినేదాన్ని. ముసలమ్మ నన్ను చూసినప్పుడల్లా ఒకటే గోల. "బడి పోతే ఈ గుంటకి ఏటి దారి అమ్మీ? ఊరెల్తే సూసీవోలు నేరు. దీనికి ఆ సదువొక్కటే తెలుసు." "ఎలాగ పోద్ది మామ్మా? మేం నేమా ఏటి?" అని గుండె మీద చెయ్యేసి చెప్పాను.

అరువు పిల్లల ఆలోచన ఎవరిదో గుర్తులేదని మావాళ్లంటారు. నాకు గుర్తుంది. అది నాదే. పెళ్లిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చి వేసుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. చుట్టాలు పోగానే ఎవరి కుర్చీలు వాళ్లకు పంపేస్తాం, ఎవరూ తప్పనుకోరు. పిల్లల్ని కూడా అలాగే తెద్దామన్నాను. మా ఇళ్లలో ఇంగ్లీషు బళ్లకు పోయే పిల్లలు, బడ్జ్ బడ్జ్‌లో ఉన్న చుట్టాల పిల్లలు, అందరూ ఆ ఒక్కరోజు సెలవు పెట్టి మా బెంచీల మీద కూర్చుంటే సరి. మాష్టారు ఒప్పుకోలేదు. "వద్దమ్మా, ఉన్నవాళ్లనే చూపిద్దాం" అన్నారు. "మీరూరుకోండి మాష్టారూ, మీకు లోకం తెల్దు" అని నోరు మూయించాను. ఆయన తలవంచుకుని రిజిస్టరులో కొత్త పేర్లు ఎక్కించారు. ఒకప్పుడు నా చేత ఓనమాలు దిద్దించిన మనిషి ఆయన.

ఇక బట్టలు. నాలుగు రోజుల్లో పద్దెనిమిది జతలు కుట్టాలి. తెల్ల చొక్కా, నీలం గౌను, నీలం నిక్కరు. అసలు పిల్లలకు పాతవి ఉన్నాయి కదా అని అరువు పిల్లలకే కోశాను. పక్క గది పిల్ల వచ్చి గుడ్డ తాను మీద చెయ్యి పెట్టి రాసి చూసింది.

"పిన్నీ, నాకూ కుడతావేటి?"

"నీకుంది కదే గుంటా. ఇవయ్యాక సూద్దాం."

దానికున్న గౌను కూడా నా చేతి పనే. రెండుసార్లు అంచు విప్పి పొడుగు చేశాను. పాత మడతల గీతలు రెండూ దాని మీద అలాగే ఉండేవి. అది ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టరు బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు. సున్నం వేసిన గోడలు చూసి సంతోషపడ్డాడు, టీ తాగాడు. రిజిస్టరు చూసి పేర్లు పిలిస్తే పిల్లలందరూ పలికారు. తలుపు దగ్గర నిలబడ్డ మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడాయన ముందు బెంచీలో ఉన్న నా కూతురి చేతికి తెలుగు వాచకం ఇచ్చి, చదవమన్నాడు. గడుసుది కదా, పేజీలో కోడిపుంజు బొమ్మ చూసి, అనగనగా ఒక కోడిపుంజు ఉండేది, అది ఎవరి మాటా వినేది కాదు అంటూ అల్లేసుకుపోయింది. ఆయనకు తెలుగు రాదు, తలూపుతున్నాడు. గట్టెక్కామనుకున్నాను. ఆయన ఒక నిమిషం విని, మెల్లిగా ఆ బొమ్మ మీద అరచెయ్యి మూసి, ఇప్పుడు చదువు అన్నాడు.

అది ఆగిపోయింది. నా వైపు చూసింది.

ఆయన దాని గౌను చూశాడు. పెళపెళలాడుతున్న కొత్త నీలం. తరగతంతా ఒకసారి కలయజూశాడు. కొత్త బట్టలు వేసుకున్నవాళ్లంతా లేచి ఆ పక్కన నిలబడండి అన్నాడు హిందీలో. పద్దెనిమిది మంది లేచారు. బెంచీల మీద వెలిసిన బట్టల్లో పదకొండు మంది మిగిలారు. ఎవరు అసలు, ఎవరు అరువు అని ఆయన ఎవర్నీ అడగనవసరం లేకపోయింది. నా చేతులతో నేనే విడదీసి పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పక్క గది పిల్లకు పుస్తకం ఇచ్చాడు. అది లేచి, గౌను అంచు మీది గీతలు కనబడకుండా బెంచీకి ఆనుకుని నిలబడి, పేజీ మొత్తం ఆగకుండా చదివింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన చివరిదాకా విన్నాడు. విని, బాగుంది తల్లీ అన్నాడు. వెళ్లేముందు వరండాలో మాష్టారితో అన్న మాట నేను విన్నాను. "మాస్టర్‌మొశాయ్, ఈ పదకొండు మందినే చూపించి ఉంటే ఒక ఏడాది గడువు ఇమ్మని రాద్దామనుకుని వచ్చాను. దొంగ పేర్లున్న రిజిస్టరు చూశాక ఏం రాయమంటారు?" మాష్టారు నా పేరు చెప్పలేదు. తప్పంతా తన నెత్తిన వేసుకున్నారు.

పరీక్షలు అయ్యాక బడికి తాళం పడింది. మాష్టారిని ఎక్కడికో వేశారు. పెద్ద పిల్లలు నలుగురు మానేశారు. అరువు పిల్లలు ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. నా కూతురూ ఎక్కింది.

ఒక మధ్యాహ్నం ముసలమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని, గులాబీ గళ్ల గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. బెంగాలీ బడిలో చేర్చుకున్నారట. "అచ్చరాలు వొచ్చీదాకా ఒకటో తరగతిలో కూకోమన్నారమ్మీ. కూకున్న తరగతి బట్టలే ఏసుకు రమ్మన్నారు." ఆ గుడ్డ ఏ తరగతిదో ఆవిడ చెప్పకముందే నాకు తెలుసు. ఆరేళ్ల పిల్లలు తొడుక్కునే గౌను అది, రొమ్ము మీద రుమాలు గుచ్చుకునే పట్టీతో సహా. పదకొండేళ్ల పిల్లకు ఆ గౌను నేనెప్పుడూ కోయలేదు. నా దగ్గరున్న కాగితం కొలతలు ఒక్కటీ పనికి రాలేదు.

చేతులెత్తి నిలబడితే టేపు పెట్టాను. నాకు దాని మొహం చూసే ధైర్యం లేదు. అదే మెల్లిగా అడిగింది.

"పిన్నీ, ఇది కొత్తదానిలా అవుపించకుండా కుడతావేటి?"

"ఎందుకే?"

"కొత్తవి ఏసుకున్నోలని పక్కన నిలబెడతారు కదా."

వాళ్లు వెళ్లాక మిషను మీద తల పెట్టి ఏడ్చాను. తర్వాత ఆ గుడ్డను సోడాలో నానబెట్టి మూడుసార్లు ఉతికాను, బండకేసి బాదాను, ఎండలో ఆరేశాను. గులాబీ రంగు ఇసుమంతైనా వెలవలేదు.