పిన్ని చేసిన రబ్బరు అచ్చు

మొన్న ప్లంబర్ వంటింటి సింకు అంచుకి సిలికాన్ పూస్తుంటే వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు ఇల్లంతా కమ్మింది. నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, అతని తప్పేం లేదు. ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది ఎనభైల నాటి నూజివీడు వేసవి, మా నాన్న మీద ఇప్పటికీ చల్లారని కోపం.

నాన్నది మామిడికాయల వ్యాపారం. ఎండాకాలం వచ్చిందంటే వసారా నిండా వరిగడ్డి, గడ్డిలో మాగుతున్న చిన్నరసాలు, పెరట్లో ఆవకాయకు ముక్కలు కొడుతున్న కత్తిపీట చప్పుడు, చేతులకు వదలని సొన జిడ్డు, పీల్చి పారేసిన టెంకల మీద ముసిరే ఈగలు, వీటన్నిటి మధ్య దాగుడుమూతలు ఆడి తిట్లు తినే పిల్లలం. చాకిరీ అంతా అమ్మది, పిన్నిది. పిన్ని రమణమ్మ అమ్మకు చెల్లెలు. కొట్టే మొగుణ్ణి చాట్రాయిలో వదిలేసి మా ఇంటికి వచ్చేసింది. "ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నాం" అని నాన్న భోజనాల దగ్గర ఆవిడ వినేలాగే అనేవాడు.

బెజవాడలో చేపల తొట్లు చేసే కొట్లో పనిచేసే మావయ్య, చిల్లుపడ్డ మా నీళ్లతొట్టి అతకడానికి సిలికాన్ ట్యూబులు తెచ్చాడు. మిగిలిన జిగురును పిన్ని సబ్బునీళ్లలోకి పిండి, చపాతీ ముద్దలా పిసికి, సబ్బు రాసిన చిన్నరసం చుట్టూ మెత్తింది. గట్టిపడ్డాక బ్లేడుతో ఒక పక్క గాటు పెట్టి కాయను బయటికి లాగితే, లోపల రబ్బరు మీద కాయ ముక్కు, తొక్క మీది సన్నటి చుక్కలతో సహా అచ్చుపడింది. అందులో నీళ్లలో కలిపి మొదట పోసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విరిగింది, తరవాతిది బుడగలు కట్టింది. ఆ పైన కుదిరినదానికి రంగు వేసి నా చేతిలో పెడితే కొరకబోయాను. పిన్ని అంత పెద్దగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

అలా చేసిన కాయల్ని నాన్న తీసుకెళ్లి తన కొట్టులో అలంకరించాడు. ఒకరోజు భోజనానికి వచ్చిన షావుకారు, "ఎవరు చేశారండీ అవి?" అనడిగాడు.

నాన్న, ఇంటరు తప్పి ఇంట్లో ఉన్న అన్నయ్య భుజం తట్టి, "మావాడేనండీ!" అన్నాడు. అన్నయ్య సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. పిన్ని పక్కనే వడ్డిస్తోంది.

"పిన్ని చేసింది!" అని అరిచాను. నాన్న అందరి ముందూ నా చెంప మీద కొట్టాడు.

"మా కొట్టుకీ కొన్ని చేసివ్వు బాబూ" అని అన్నయ్యకు చెప్పి షావుకారు వెళ్లగానే, నాన్న పిన్ని వైపు తిరిగి, "రేపట్నుంచి మొదలెట్టు" అన్నాడు.

"మీవాడు చేశాడుగా బావగారూ, వాణ్ణే చెయ్యమనండి."

ఆ మాట అనేసి, కత్తిపీట ముందేసుకుని, రబ్బరు అచ్చును దోసకాయ తరిగినట్టు తరిగేసింది. నాన్న అరుస్తూనే ఉన్నాడు. ఆవిడ తలెత్తలేదు. ఆ వేసవిలోనే హనుమాన్ జంక్షన్‌లో కుట్టుపని చూసుకుని వెళ్లిపోయింది, నాన్న ఉన్నంతకాలం మా గడప తొక్కలేదు.

ఇప్పుడు నాన్న లేడు, పిన్నీ లేదు. మా మామిడితోట కొట్టేసి ప్లాట్లు వేశారు. హద్దురాళ్లు పాతిన ఆ నేల మీద మండువేసవిలో నిలబడడానికి నీడ లేదు. అన్నయ్య ఉన్నాడు. పోయినేడు ఓ పెళ్లిలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, తాను చిన్నప్పుడు ప్లాస్టర్ మామిడికాయలు చేసేవాణ్ణని చెబుతున్నాడు.

"ఎలా చేశావో చెప్పు అన్నయ్యా" అన్నాను.

"ఏదోలేవే, ఎప్పటి మాటో" అంటూ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

పిల్లలంతా నా వైపు తిరిగారు. "మాకు రమణమ్మ అని ఒక పిన్ని ఉండేది" అని మొదలుపెట్టాను. అన్నయ్య లేచి వెళ్లిపోయాడు. నేను ఆపలేదు.